కుడివైపు పీట

నాకు నీళ్ళంటే గిట్టదని ముందే చెప్పేస్తున్నాను. దారిలో చెరువు కనబడుతుందంటే బస్సులో అటువైపు సీటు కూడా తీసుకోను. ఈత రాదు. మోకాళ్ళ నొప్పులు. పైగా బరువు తగ్గాలని డాక్టరు గట్టిగా చీవాట్లు పెట్టి పంపిన మనిషిని. అలాంటి నన్ను మా అన్నయ్య తన పడవలోకి ఎందుకు ఎక్కించుకున్నాడనుకున్నారు? చెల్లెలి మీద ప్రేమ పొంగి పొర్లి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. బరువు కోసం.

అది తేలిక పడవట. గాలి కాస్త గట్టిగా కొడితే ఒక పక్కకి ఒరుగుతుందట. ఇసుక మూట వేసుకోరాదా అంటే, మూట తనంతట తాను అటూ ఇటూ జరగలేదు, నువ్వయితే చెప్పినప్పుడల్లా జరుగుతావు అన్నాడు. మూటకి నోరుండదు కదా అన్నాను. ఆ ఒక్క సుఖమూ వదులుకోవడానికి సిద్ధపడ్డాం అంది మా వదిన, సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా.

మాదంతా ఒకే ఇల్లు. కింది వాటాలో అన్నయ్య, వదిన. పై వాటాలో నేను, మా ఆయన. ఆయన దూరప్రాంతాల బస్సు డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజు నిద్రపోతూనే ఉంటాడు కాబట్టి ఈ కథలోకి ఆయన్ని లాగను. నేను బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుంటాను. ఏ బస్సు ఎక్కడికి పోతుంది, ఎప్పుడొస్తుంది, ఎందుకు రాలేదు, పొద్దస్తమానం ఇదే పని. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు. అడగనిదానికి కూడా చెబుతానని మా అన్నయ్య అభిప్రాయం. చిన్నప్పటినుంచీ నన్ను రేడియో అనే పిలుస్తాడు.

అన్నయ్య తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. ఆయన చేసిన తలుపు వేస్తే చప్పుడు రాదు, తీస్తే కిర్రుమనదు. తలుపుకీ చౌకట్టుకీ మధ్య సందు వెంట్రుకవాసి ఎక్కువైనా విప్పి మళ్ళీ చేస్తాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ తలుపు ఓసారి వేసి తీసి చూస్తాడు, ఆ తరవాతే మనుషుల్ని పలకరిస్తాడు. అంతెందుకు, పోయినేడాది ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి ఆసుపత్రికి తీసుకెళ్తే, స్ట్రెచరు మీద పడుకుని, వంకరపోయిన మూతితో, ఆ గది తలుపు కిందికి జారిందని గొణిగాడు. నేను ఏడుస్తున్నదాన్నల్లా నవ్వాను. నర్సు నన్ను వింతగా చూసింది.

అదృష్టం కొద్దీ తొందరగానే తేరుకున్నాడు. నడక వచ్చింది, మాట వచ్చింది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. గ్లాసు పట్టుకుంటాడు, ఉలి పట్టుకుంటే వణుకుతుంది. వర్క్‌షాపు యజమాని మంచాయన. తొందరేం లేదు, తీరిగ్గా రండి అన్నాడు. ఆ ‘తీరిగ్గా’ అన్న మాట అన్నయ్య గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఇంట్లో కూర్చుని గోడకేసి చూడటం మొదలుపెట్టాడు. ఆసుపత్రి వాళ్ళు చేతితో పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చారు. దాన్ని తీసి అటక మీద పారేశాడు.

అదే సమయంలో, ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకుని ఈమధ్య సొంతంగా షాపు పెట్టుకున్న వడ్రంగి ఒకాయన వచ్చాడు. మీకిప్పుడు అవసరం లేకపోతే మీ పనిముట్లు నాకు ఇస్తారా అని మర్యాదగానే అడిగాడు. నేను మెట్ల మీద నిలబడి వింటున్నాను. అవసరం లేకపోతే! నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోపు అన్నయ్యే జవాబు చెప్పాడు.

“పడవ ఒకటి చేద్దామనుకుంటున్నాను. నా చేత్తో, నేనొక్కణ్ణే. అది నీళ్ళ మీద సరిగ్గా నడిస్తే పనిముట్లు ఇవ్వను. నడవకపోతే వచ్చి పట్టుకెళ్ళు.”

మేమందరం నోరు వెళ్ళబెట్టాం. పడవేమిటి అసలు? తరవాత తెలిసింది. మా బస్సుల ఆఖరి స్టాపు దాటాక కొండల కింద రెండు చెరువులున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి కంటికి ఆననంత పెద్దది. రెండింటి మధ్యా రెల్లుపొదల్లోంచి సన్నటి కాలవ. సెలవు రోజుల్లో జనం తెరచాప పడవలు తెచ్చుకుని అక్కడ తిరుగుతుంటారు. ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నయ్య సాయంత్రాలు నడక పేరుతో బస్సెక్కి పోయి ఆ గట్టు మీద కూర్చునేవాడట. కుర్చీ చేసుకోవచ్చు, బల్ల చేసుకోవచ్చు, పడవే ఎందుకని అడిగాను.

“తలుపు చేస్తే ప్రతివాడూ మూలమట్టం పెట్టి చూస్తాడే రేడియో. పడవలో మూలమట్టం పెట్టే చోటే లేదు, అన్నీ వంపులే. వంకరున్నా ఎవడికీ తెలీదు,” అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. వదిన నవ్వలేదు.

పెరట్లో రేకుల కింద పని మొదలైంది. ప్లైవుడ్డు పలకలు, సన్నటి బద్దలు, జిగురు డబ్బాలు, ఎక్కడ చూసినా బిగింపు కొయ్యలు. ఎడమచేత్తో చిత్రిక పట్టేవాడు, కుడిచెయ్యి ఊరికే దాని మీద ఆనించి ఉంచేవాడు. పట్టు చాలనప్పుడు వదిన మిషను ఆపి వెళ్ళి పలక పట్టుకునేది. పట్టుకోమని ఆయన అడిగేవాడు కాదు, పట్టుకున్నానని ఈవిడ చెప్పేది కాదు. అన్ని నెలల తరవాత ఆ ఇంట్లో చిత్రిక చప్పుడు వినబడిన మొదటి రోజు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పైకి మాత్రం కిటికీ తీసి, నా బట్టల మీద చెక్కపొట్టు పడుతోందని వీధి వీధంతా వినబడేలా అరిచాను. అరిస్తేనే ఆయనకి బాగుంటుంది, అంతా మామూలుగా ఉన్నట్టుంటుంది.

తెరచాప పని వదినకి పడింది. మా వదిన దర్జీ. ముందుగది ఆవిడ షాపు. ఒక మిషను, ఒక పొడుగు బల్ల, ఒక నిలువుటద్దం. జాకెట్లు, చొక్కాలు, కోట్లు, కిటికీ కర్టెన్లు, ఏదైనా కుడుతుంది. ఆవిడ కుట్టిన బట్ట బాగుచెయ్యమని వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. ఎవరి కొలత తీసుకున్నా రెండు వేళ్ళ వదులు ఉంచి కత్తిరిస్తుంది. మనిషి ఊపిరి పీల్చుకోవద్దా అంటుంది. అలాంటి వదిన తెరచాపకి మాత్రం దారమంత వదులు కూడా ఉంచలేదు. అన్నయ్య నేల మీద తాడు లాగిపట్టి సుద్దతో మూడు గీతలు గీసి, ఈ గీత దాటకు, ఇంతకంటే తగ్గకు అన్నాడు. ఆవిడ సరేనంది. గీత మీద గీతలా కత్తిరించింది, కుట్టింది, ఇస్త్రీ కూడా చేసింది.

దాన్ని నా వసారా కమ్మీకి వేలాడదీసి చూసుకున్నాం. తెల్లటి గుడ్డ, ఒక్క ముడత లేదు, అన్నయ్య చేసిన తలుపు రెక్కలా చదునుగా ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ మెచ్చుకున్నారు. అన్నయ్య చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున్నే పడవని ట్రాలీ ఆటోలో ఎక్కించి చెరువుకి తీసుకెళ్ళాం. నీళ్ళంటే గిట్టకపోయినా ఒప్పుకోవాలి, ఆ చోటు మాత్రం బాగుంటుంది. కొండల నీడ సగం చెరువు దాకా పరుచుకుని ఉంది. రెల్లు మధ్య తెల్లకొంగలు మమ్మల్ని పట్టించుకోకుండా నిలబడ్డాయి. అప్పటికే మూడు నాలుగు పడవలు ఒడ్డున తెరచాపలు ఎత్తుతున్నాయి. వాటిని చూసి నాకు నవ్వాగలేదు. ఒక్కటీ చక్కగా లేదు, మధ్యలో గుడ్డంతా వదులుగా వేలాడుతోంది. చిన్నపిల్లకి పెద్దావిడ జాకెట్టు తొడిగినట్టుంది, ఎవరు కుట్టారో గానీ వదినా, నీ దగ్గరికి పంపాల్సింది అన్నాను. మాది చూడండి అన్నట్టు మా తెరచాప ఎత్తాం. అన్నయ్య చుక్కాని దగ్గర, వదిన తెరచాప తాడు పట్టుకుని, నేను మధ్యలో రెండు చేతులతో పడవ అంచు కరుచుకుని కూర్చున్నాం.

వీపు మీద గాలి. పడవ కదిలింది. కదలడమేమిటి, పరిగెత్తింది. రెల్లుపొదలు అటూ ఇటూ రాసుకుంటుంటే కాలవలోంచి దూసుకుపోయి పెద్ద చెరువులో పడ్డాం. అన్నయ్య మొహం చూడాలి మీరు. ఏడాదిగా ఆ మొహంలో కనబడని మనిషి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నేను భయం మర్చిపోయి, మా అన్నయ్యే చేశాడని కొంగలకి కూడా చెప్పాను.

వెనక్కి తిరిగేదాకానే ఆ సంబరం. తిరిగి రావాలంటే గాలికి ఎదురుగా, ఏటవాలుగా అటు కొంత ఇటు కొంత పోతూ రావాలట. మిగతా పడవలు అలాగే పోతున్నాయి. మాది పోదే! ముక్కు అటు తిప్పితే పక్కకి జారుతుంది, ఇటు తిప్పితే ఆగిపోయి తెరచాప టపటపా కొట్టుకుంటుంది. పైగా ఎడమవైపుకి ఒరుగుతోంది. అన్నయ్య అటు జరగమంటే అటు జరిగాను, ఇటు జరగమంటే ఇటు జరిగాను, తల ప్రాణం తోకకొచ్చింది. వదులు జాకెట్ల పడవలన్నీ మా ముందునుంచే పోతున్నాయి, వస్తున్నాయి. చివరికి ఎండ నడినెత్తికి వచ్చేసరికి అవతలి ఒడ్డున బురదలో కూరుకున్నాం. అక్కణ్ణించి పడవకి తాడు కట్టి, గట్టు వెంబడి లాక్కుంటూ ఇంటిదారి పట్టాం. నా చెప్పు ఒకటి బురదలో పోయింది. అదిగో, అప్పుడు నా నోరు జారింది.

“ఎక్కడో వంకర వచ్చినట్టుంది అన్నయ్యా, ఎడమకి ఎలా ఒరుగుతోందో చూడు.”

అన్నయ్య తాడు పట్టుకున్న తన కుడిచేతి వంక చూసుకున్నాడు. వదిన నా వంక చూసిన చూపుకి నాకు ఆ బురదలోనే దిగిపోవాలనిపించింది.

ఆ సాయంత్రమే ఫోను చేసి, వచ్చే ఆదివారం వచ్చి పనిముట్లు పట్టుకెళ్ళమని ఆ షాపు వడ్రంగికి చెప్పాడు. మర్నాటినుంచి వరండాలో కూర్చుని ఒక్కొక్కటే తుడిచి, నూనె రాసి, పాత గుడ్డల్లో చుట్టి పెట్టడం మొదలుపెట్టాడు. ఉలులు, రంపాలు, చిత్రికలు, చివరికి ఆ మూలమట్టం. పైకి ఎక్కుతూ దిగుతూ ఆ మూటల్ని చూడలేక తల పక్కకి తిప్పుకునేదాన్ని. పనిముట్లు పోతే ఆయన మళ్ళీ గోడ ముందు కుర్చీలో కూర్చుంటాడు, ఇక లేవడు. ఆ సంగతి నాకు తెలుసు, వదినకి తెలుసు. విచారణ కిటికీ దగ్గర ఆ రోజుల్లో జనానికి తప్పు బస్సులు చెప్పాను.

మధ్యలో ఒక రోజు వదిన షాపుకి పెద్ద హోటల్లో గుమ్మం దగ్గర నిలబడి తలుపు తీసే ఆయన వచ్చాడు. హోటలు వాళ్ళు ఎక్కడో కుట్టించిన కొత్త కోటు తెచ్చాడు. బల్ల మీద పరిస్తే ఎంత బాగుందో, ఒక్క ముడత లేదు. ఒంటి మీద వేసుకుంటే చెయ్యి లేవదు. తలుపు తియ్యడమే తన పనాయె, చెయ్యి లేవకపోతే ఎలాగని పాపం దిగులుగా నిలబడ్డాడు. వదిన నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆయన భుజం దగ్గర కుట్టు విప్పబోయి, అలాగే ఆగిపోయింది. సూదులు తీసి బల్ల మీద పెట్టింది. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం.

“వదినా, ఆ మిగతా పడవల తెరచాపలు ఎలా ఉన్నాయన్నావు?” అంది.

“పెద్దావిడ జాకెట్టు చిన్నపిల్లకి తొడిగినట్టు ఉన్నాయన్నాను. ఎందుకు?”

“బల్ల మీద చదునుగా పరుచుకున్నది ఒంటి మీద కూర్చోదు కదా. గాలికి మాత్రం ఒళ్ళుండదూ?”

ఆ మధ్యాహ్నమే నేను సెలవు పెట్టాను. ఇద్దరం బస్సెక్కి ఆఖరి స్టాపులో దిగాం. ఒడ్డున పడవలకి కాపలా ఉండే ఆయన్ని అడిగి ఒక తెరచాపని గడ్డి మీద పరిపించింది వదిన. మోకాళ్ళ మీద కూర్చుని అంచులన్నీ వేళ్ళతో తడిమి చూసింది. పడవలో నిలబెట్టే తెరచాప కొయ్యకి కట్టే అంచు తిన్నగా లేదు, బయటికి గుండ్రంగా కత్తిరించి ఉంది. చొక్కా చెయ్యి భుజం దగ్గర గుండ్రంగా కత్తిరిస్తాం చూడండి, అలా. ఆ గుండ్రాన్ని తిన్నటి కొయ్యకి కడితే మిగిలిన గుడ్డంతా మధ్యలోకి పోయి పొట్టలా నిలుస్తుంది. ఆ పొట్టలోనే గాలి కూర్చునేది. నేను చూసి నవ్వింది అదే.

“అందరికీ రెండు వేళ్ళ వదులు ఉంచేదాన్ని, దీనికి ఉంచలేదు,” అంది వదిన, గడ్డి మీంచి లేవకుండా. “ఉంచుదామనే అనిపించింది. జబ్బు చేశాక ఆయన నోరు తెరిచి నన్ను అడిగిన మొదటి పని అది. గీత దాటొద్దన్నాడు. ఎదురు చెప్పబుద్ధి కాలేదు.”

ఇంటికి రాగానే ఆయనతో ఉన్నదున్నట్టు చెప్పేసింది, తప్పు పడవది కాదు తెరచాపదని. అన్నయ్య నమ్మలేదు. ఊరికే ఓదార్చకు అన్నాడు. ఎదురుగాలికి పోకపోవడం తెరచాప వల్లేననుకుందాం, మరి ఎడమకి ఒరగడం తెరచాప వల్ల కాదుగా అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య నిద్రపోతుంటే వదిన తన టేపు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. పడవ బోర్లించి ఉంది. నన్ను రెండో కొస పట్టుకోమంది. మధ్యగీత నుంచి కుడి అంచుకి, మధ్యగీత నుంచి ఎడమ అంచుకి, ముక్కు నుంచి తోక దాకా జానెడు జానెడుకీ కొలిచింది, మనిషి ఒంటి కొలత తీసినట్టే. నడిమికి వచ్చేసరికి తేడా తెలిసింది. ఎడమవైపు వేలి మందం సన్నం. కుడిచేత్తో అదిమిపట్టి వంచాల్సిన పలక అది, పట్టు చాలలేదు.

వదిన టేపు చుట్టుకుంటూ కాసేపు ఆలోచించింది. తరవాత పడవని తిప్పించి, లోపల మధ్యగీతకి జానెడు కుడిగా సుద్దతో ఒక గీత గీసింది. నువ్విక్కడ కూర్చుంటే చాలు, సరిపోతుంది అంది. ఆయన ఏ వైపు తిప్పినా, జరగమన్నా, నువ్వు మాత్రం కదలకు అంది. మరి ఆయనకి చెప్పొద్దా అని అడిగాను.

“అడిగితే అబద్ధం చెప్పకు. అడగకపోతే నోరెత్తకు.”

నా నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకి తెలుసు. తెలిసీ నాకు అప్పజెప్పింది.

ఇక తెరచాప. తెల్లగుడ్డ మిగల్లేదు. మా కిటికీ కర్టెన్ల కోసం తెచ్చిన నీలం గుడ్డ ఉంటే, అందులోంచి చంద్రవంకలాంటి ముక్క కత్తిరించి కొయ్యవైపు అంచుకి కలిపింది. ముందు టాకాలు వేసుకుని, కట్టి చూసుకుని, విప్పి, మళ్ళీ వేసి, ఆ తరవాతే మిషను తొక్కింది. ఇస్త్రీ మాత్రం చెయ్యలేదు.

ఆదివారం రానే వచ్చింది. సాయంత్రం పనిముట్ల కోసం మనిషి వస్తాడు. అన్నయ్య చెరువుకి రానన్నాడు. ఒక్కసారి చాలదా నవ్వులపాలు కావడం అన్నాడు. మీ పడవ సంగతి నాకనవసరం, నా కుట్టు సంగతి తేలాలి, నా చేతిలోంచి ఒక బట్ట వెనక్కి వచ్చింది, నాకు నిద్ర పట్టడం లేదు అంది వదిన. ఆవిడ కోసం బయల్దేరాడు, తన కోసం కాదు. దారి పొడుగునా ఒక్క మాట లేదు. నేను కూడా మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదా అని ట్రాలీ ఆటో వాడు నన్ను అడిగాడు.

తెరచాప ఎత్తాం. మధ్యలో వదులుగా, వికారంగా వేలాడింది. అన్నయ్య దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. నేను నీళ్ళవైపు చూడకుండా, సుద్దగీత మీద గట్టిగా కూర్చున్నాను. ముందులాగే గాలి మమ్మల్ని కాలవలోంచి పెద్ద చెరువులోకి తోసింది. నడిమధ్యకి పోయాక అన్నయ్య, ఏదో తప్పని పని చేస్తున్నట్టు, చుక్కాని తిప్పాడు. గుడ్డ ఒకసారి టపటపలాడింది. తరవాత ఆ నీలం ముక్క దగ్గర్నుంచి మెల్లగా పొంగి, పొట్టలా నిండి, చప్పుడు లేకుండా నిలబడిపోయింది.

పడవ పోతోంది. గాలికి ఎదురు, ఏటవాలుగా, నీళ్ళు చీల్చుకుంటూ పోతోంది. పక్కకి జారడం లేదు, ఒరగడం లేదు. అన్నయ్య మళ్ళీ తిప్పాడు. అటువైపూ అంతే. కొండలు దగ్గరికి వచ్చాయి, దూరం పోయాయి, మళ్ళీ వచ్చాయి. వదిన తాడు పట్టుకుని తన కుట్టు వంకే చూస్తూ కూర్చుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు అంతకు ముందే తిరిగాయి.

“నిటారుగా ఉంది కదే,” అన్నాడు అన్నయ్య. “నా పడవ నిటారుగానే ఉంది.”

నేను నోరెత్తలేదు. పళ్ళు బిగబట్టాను.

అప్పుడే మళ్ళీ వైపు మార్చాడు. వైపు మారినప్పుడల్లా ఆయన జరుగుతున్నాడు, వదిన జరుగుతోంది, నేను జరగడం లేదు. జరగమన్నాడు. మోకాళ్ళు నొప్పి అన్నాను. పోనీ మధ్యకి వచ్చి సుఖంగా కూర్చోమన్నాడు. ఇక్కడే బాగుందన్నాను. నా వంక వింతగా చూశాడు. ఒక మాటకి పది మాటలు అనే చెల్లెలు రెండేసి మాటలతో సరిపెడుతోంది, అనుమానం రాదూ? ఆయన చూపు నా కాళ్ళ దగ్గర సుద్దగీత మీద పడింది.

“మధ్యకి రా,” అన్నాడు మెల్లగా.

వదిన వంక చూశాను. ఆవిడ తల వంచుకుంది. నేను జరిగాను. జరగగానే పడవ ఎడమకి ఒరిగింది, అంచు మీంచి ఒక దోసెడు నీళ్ళు లోపలికి వచ్చి నా కాళ్ళు తడిపాయి. తెరచాపలోంచి గాలి జారిపోయింది. చెరువు మధ్యలో పడవ ఆగింది.

“ఎంత?” అని అడిగాడు.

అడిగాడు కదా. “వేలి మందం. ఎడమవైపు నడిమిన,” అన్నాను.

వదిన వైపు తిరిగాడు. నీకు తెలుసా అని అడగలేదు, చూశాడంతే.

“రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషిని నేనింతవరకూ చూడలేదండీ,” అంది వదిన. “ఇన్నేళ్ళలో ఒక్కరిని కూడా చూడలేదు. అందరికీ కోటు కూర్చునేలానే కుట్టాను.”

అన్నయ్య చుక్కాని మీద ఉన్న తన కుడిచేతిని చూసుకున్నాడు. వణుకుతోంది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంటాడేమోనని చూస్తున్నాను. పెట్టుకుంటే అక్కడితో అంతా అయిపోయినట్టే. కొంగ ఒకటి మా మీంచి ఎగిరిపోయింది. తరవాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

“ఇంతసేపు నోరు మూసుకుని కూర్చున్నావటే! నువ్వే!” అన్నాడు. “పో, పోయి నీ చోట్లో కూర్చో.”

నేను నా చోట్లో కూర్చున్నాను. పడవ తిన్నబడింది. గుడ్డ నిండింది. అన్నయ్య అదే చేత్తో చుక్కాని పట్టుకుని పెద్ద చెరువు ఆ కొస దాకా పోయి, ఈ కొస దాకా వచ్చి, ఆకలేస్తోందని నేను మొత్తుకున్నా వినకుండా మళ్ళీ పోయాడు.

ఇంటికి వచ్చేసరికి ఆ షాపు వడ్రంగి వరండాలో కూర్చుని ఉన్నాడు. పనిముట్ల మూటలన్నీ ఆయన పక్కనే ఉన్నాయి. పడవ నడిచిందా గురువుగారూ అని అడిగాడు. నడిచింది గానీ వంకర ఉంది అన్నాడు అన్నయ్య, ఏ సంకోచం లేకుండా. వెంట్రుకవాసి సందుకి తలుపు విప్పేసే మనిషి నోట ఆ మాట విని ఆయన తెల్లబోయాడు. అన్నయ్య మూటల్లోంచి ఒకదాన్ని తీసి, గుడ్డ విప్పి, ఉలి అంచు బొటనవేలితో చూసుకున్నాడు.

“ఏమీ అనుకోకు బాబూ, ఇప్పుడివ్వలేను. మా చెల్లెలు పాపం ఉత్త పలక మీద కూర్చుంటోంది. దానికి పీట చెయ్యాలి.”

ఆయన ఏమీ అనుకోలేదు. పైగా సంతోషించాడు. వదిన కాఫీ ఇచ్చింది.

ఆ పీట చెయ్యడానికి అన్నయ్యకి చాలా రోజులు పట్టింది. తలుపు రెక్క చేసినంత శ్రద్ధగా చేశాడు. అటక మీంచి రబ్బరు బంతి దింపించుకుని, మధ్యమధ్యలో పని ఆపి పిసికేవాడు. నేను కిటికీలోంచి పొట్టు గురించి అరుస్తూనే ఉన్నాను. పీటని పడవలో మధ్యగీతకి జానెడు కుడిగా, మేకులు కొట్టి బిగించాడు. బిగించాక మూలమట్టం నా చేతికిచ్చి, పెట్టి చూడవే అన్నాడు. ఒక మూల కాస్త బయటికి పోయిందని మామూలు కంటికే తెలుస్తోంది. నేను దాన్ని ఆయన చేతిలోనే పెట్టేసి, ఎక్కి పీట మీద కూర్చున్నాను. సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం పోతాం. నాకు నీళ్ళంటే ఇప్పటికీ గిట్టదు. మొన్న డాక్టరు మళ్ళీ బరువు చూసి, మీరు తగ్గాల్సిందేనమ్మా అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, పెరట్లో ఎవరిదో కిటికీ రెక్కకి చిత్రిక పడుతున్న అన్నయ్య పని ఆపి పైకి చూశాడు. మొహంలో నవ్వు లేదు.

“నువ్వు చిక్కావంటే నేను ఒరిగిపోతానే,” అన్నాడు.

‘పడవ’ అనబోయి ‘నేను’ అన్నాడేమో తెలీదు. నేను సరిదిద్దలేదు. ఆ పొట్టు నా బట్టల మీదికి రాకుండా చూసుకోమని చెప్పి కిటికీ వేసుకున్నాను.